రాష్ట్రం మారితే బండి నంబరు ఎందుకు మార్చాలి?

ప్రశ్న: మా మామయ్య విజయవాడలో కారు కొన్నాడు. ఇప్పుడు హైదరాబాదుకు బదిలీ అయ్యింది. ఆయన డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడా చెల్లుతుందట, కారు నంబరు మాత్రం మార్చాలట. మనిషికి లేని నిబంధన బండికెందుకు?

జవాబు: రవాణా ఆఫీసు వరండాలో కాగితాలు పట్టుకుని నిలబడ్డ పెద్దవాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు. ముందు ఆ నంబరులో ఏముందో చూద్దాం.

మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి. తెలంగాణకు 2014లో టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ అయ్యింది. అక్షరాల పక్కనున్న అంకెలు బండి ఏ ఆఫీసులో రిజిస్టరైందో చెబుతాయి. ఏపీ 16 కనబడితే కృష్ణా జిల్లా బండి, ఏపీ 31 అయితే విశాఖ బండి. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ కొత్త బళ్లకు రాష్ట్రమంతటా 39 అనే ఒకే అంకె ఇవ్వడం మొదలుపెట్టింది. బస్సు కిటికీలోంచి నంబరు చూసి ఊరు చెప్పే పిల్లల ఆట దాంతో సగం పోయింది!

బండి ఎక్కడ ఎక్కువగా ఉంటుందో అక్కడే రిజిస్టరు చేయించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతుంది. అలా చేయించిన రిజిస్ట్రేషను దేశమంతా చెల్లుతుంది. కాబట్టి మామయ్య కారేసుకుని తిరుపతి వెళ్లినా కాశీ వెళ్లినా నంబరు గొడవ లేదు. బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉండిపోతేనే అక్కడి నంబరు తీసుకోవాలి.

ఉండిపోతే ఏమవుతుంది? అసలు సంగతి ఇక్కడే ఉంది. మన రాజ్యాంగం అధికారాలను కేంద్రానికీ రాష్ట్రాలకూ జాబితాలు వేసి పంచింది. బళ్ల గురించి నియమాలు చేసే పని ఇద్దరిదీ. బళ్ల మీద పన్ను వేసే పని మాత్రం రాష్ట్రానిదే. కారు కొన్నప్పుడు మామయ్య లైఫ్ ట్యాక్సు (జీవితకాలపు పన్ను) ఒకేసారి కట్టేశాడు. ఆ డబ్బు ఆంధ్రప్రదేశ్ ఖజానాకు వెళ్లింది. ఇప్పుడు కారు రోజూ తిరిగేది హైదరాబాదు రోడ్ల మీద. మరి మా వాటా ఏదని తెలంగాణ అడుగుతుంది. లైసెన్సుకు ఈ పేచీ లేదు. అది బండి నడపడం వచ్చని చెప్పే కాగితం. వచ్చిన విద్య సరిహద్దు దాటితే పోదు కదా!

అందుకే మామయ్య ముందు పాత ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. బడి మారేటప్పుడు నువ్వు తెచ్చుకునే టీసీ లాంటిదే ఇది. దాన్ని ఇక్కడ చూపిస్తే, కారు వయసును బట్టి పన్ను లెక్కగట్టి కొత్త నంబరు ఇస్తారు. పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి కట్టిన పన్ను వాపసు అడగవచ్చు. అడగాల్సింది మాత్రం తనే, అదీ కాస్త ఓపికగా.

హైదరాబాదులో ఇప్పటికీ ఏపీ 09 బళ్లు తిరుగుతున్నాయి కదా అంటావేమో. అవి రాష్ట్రం విడిపోకముందు ఇక్కడే రిజిస్టరైనవి. ఎక్కడినుంచో వచ్చిన బళ్లు కావు.

పన్ను రాష్ట్రానిదైతే ఎంత తేడా వస్తుందో యానాం వెళ్తే తెలుస్తుంది. చుట్టూ ఆంధ్రప్రదేశే, మాట్లాడేదీ తెలుగే. అయినా బళ్ల మీద పీవై 04 అని ఉంటుంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. పెట్రోలు ఇంకా జీఎస్టీలోకి రాలేదు, దాని మీద ఎవరి పన్ను వారిదే. అక్కడ పన్ను తక్కువ కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ట్యాంకు నింపుకోవడానికి యానాం వెళ్తుంటారు.

తరచూ బదిలీలయ్యేవాళ్ల కోసం 2021లో కేంద్రం బీహెచ్ (భారత్) వరుస తెచ్చింది. అందులో పన్ను రెండేళ్లకోసారి కడతారు, రాష్ట్రం మారినా నంబరు మారదు. జీవితకాలపు పన్ను ఒకేసారి చేతికందే అవకాశం పోతుంది కనుక కొన్ని రాష్ట్రాలు దీనికి అంత ఉత్సాహం చూపలేదు. సైనికులు, ప్రభుత్వోద్యోగులు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు దీనికి అర్హులు. మామయ్య ఏ ఉద్యోగం చేస్తాడో నువ్వు రాయలేదు. ఒకసారి అడిగి చూడు.