రాస్‌బెర్రీ పై: ఒక్క కార్డు సెట్ చేస్తే చాలు.. 30 కార్డులకు కాపీ! కానీ ఈ తప్పు చేస్తే అంతే సంగతులు..

ఓ స్కూల్ ల్యాబ్‌కు 30 రాస్‌బెర్రీ పై బోర్డులు వచ్చాయనుకోండి. ప్రతి మెమరీ కార్డులో ఓఎస్ వేయాలి. తెలుగు ఫాంట్లు, కీబోర్డ్, పైథాన్ ఎడిటర్, వైఫై అన్నీ సెట్ చేయాలి. ఒక్కోదానికి గంట పట్టినా 30 గంటలు. అందుకే ఒక్క కార్డును పక్కాగా రెడీ చేసి, మిగతా 29కి దాన్నే కాపీ కొడతారు. పని ఈజీనే. కానీ ఓ చిన్న పొరపాటుతో ల్యాబ్ మొత్తానికీ ఒకే తాళం పడిపోతుంది. ఎలాగో చూద్దాం.

కాపీ, పేస్ట్ కుదరదా?

కుదరదు. 2012లో బ్రిటన్‌లో విడుదలైన ఈ బుల్లి కంప్యూటర్ మామూలుగా మెమరీ కార్డు నుంచే ఆన్ అవుతుంది. ఆ కార్డులో రెండు భాగాలుంటాయి. ఒకటి బూట్ ఫైల్స్‌ది, రెండోది లైనక్స్‌ది. ఈ రెండోది విండోస్‌కు అర్థం కాదు. అందుకే కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టుగా ఒకే ఫైల్‌గా తీసుకోవాలి. దాన్నే ఇమేజ్ అంటారు.

ఇమేజ్ తీసేదెలా?

విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్, లైనక్స్‌లో డీడీ కమాండ్ వాడొచ్చు. డీడీతో మాత్రం జాగ్రత్త! డ్రైవ్ పేరు తప్పు కొడితే మళ్లీ అడగదు.. ల్యాప్‌టాప్‌లో డేటా మొత్తం పోతుంది.

ఇంకో చిక్కు సైజుతో. 32 జీబీ అని రాసున్నా అన్ని కంపెనీల కార్డులూ ఒకే సైజు ఉండవు. కొత్త కార్డు కొన్ని ఎంబీలు తగ్గినా ఇమేజ్ పట్టదు. లైనక్స్‌లో నడిచే పైష్రింక్ అనే ఉచిత టూల్ ఇమేజ్‌లోని ఖాళీ జాగాను తీసేసి చిన్నది చేస్తుంది. మొదటిసారి ఆన్ చేయగానే అది కార్డు సైజుకు తగ్గట్టు దానంతటదే పెరుగుతుంది. తర్వాత రాస్‌బెర్రీ పై ఇమేజర్‌లో మీ సొంత ఇమేజ్‌ను ఎంచుకుని రాయడమే. సరిగ్గా పడిందో లేదో కూడా అదే చెక్ చేస్తుంది.

అసలు ముప్పు ఇక్కడే..

కాపీతో పాటు పాస్‌వర్డ్, వైఫై వివరాలు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, మెషీన్ ఐడీ కూడా వెళ్లిపోతాయి. అంటే 30 బోర్డులకూ ఒకే గుర్తింపు! ఒక్క కార్డు బయటివాళ్ల చేతిలో పడినా మిగతా 29కి ముప్పే. అందరికీ తెలిసిన డీఫాల్ట్ పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రమాదమే ఉండేది. అందుకే 2022 ఏప్రిల్‌లో రాస్‌బెర్రీ పై ఓఎస్ నుంచి 'పై' అనే డీఫాల్ట్ యూజర్‌నే తీసేశారు.

మరి ఏం చేయాలి?

* ఇమేజ్ తీసేముందు పాత ఎస్‌ఎస్‌హెచ్ కీలు డిలీట్ చేయాలి. మొదటి బూట్‌లో కొత్తవి తయారయ్యేలా సెట్ చేయాలి. లేదంటే రిమోట్ లాగిన్ పనిచేయదు.
* మెషీన్ ఐడీ ఫైల్‌ను ఖాళీ చేయాలి. బూట్‌లో కొత్తది వస్తుంది.
* కాపీలు అయ్యాక ప్రతి బోర్డుకూ వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టాలి.
* సొంత ఫైల్స్, బ్రౌజర్ హిస్టరీ ముందే తుడిచేయాలి.

చివరిగా ఒక్క మాట. 29 కార్డులూ ఒకేసారి రాసేయొద్దు. ముందు ఒక్క కాపీని బోర్డులో పెట్టి ఆన్ చేసి చూడండి. మాస్టర్ కార్డులో ఒక్క తప్పున్నా, అది 29 సార్లు కాపీ అవుతుంది మరి!