పడవకు తగిన బండి

అమెరికాలో సొంత పడవ ఉన్నవారిలో చాలామంది దాన్ని ఏడాది పొడవునా నీటిలో కట్టి ఉంచరు. ఇంటి పక్కన ట్రైలర్ మీద నిలిపి, సెలవు రోజున బండికి తగిలించుకుని జలాశయానికి తీసుకువెళ్లి, పొద్దు వాలేసరికి మళ్లీ ఇంటికి తెచ్చుకుంటారు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ డాలస్ ఉత్తర శివార్లకు ల్యూయిస్‌విల్, రే రాబర్ట్స్ జలాశయాలు దగ్గరే. రెడ్ నదిపై 1944లో పూర్తయిన డెనిసన్ ఆనకట్ట వల్ల ఏర్పడిన టెక్సోమా మరికాస్త దూరం. నీళ్లు ఇంత చేరువలో ఉన్నప్పుడు పడవ కొనాలన్న కోరిక పుట్టడం సహజం, కొన్నాక ఇంట్లో ఉన్న కారు దాన్ని లాగలేదని తెలియడమూ అంతే సహజం. అక్కడి నుంచి పికప్ ట్రక్కు వెతుకులాట మొదలవుతుంది, ఆ వెతుకులాటలో కొనేవారి కళ్లు ముందుగా వాలేది ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే లాగుడు సామర్థ్యం మీద. పదకొండు వేల పౌండ్లు, పదమూడు వేల పౌండ్లు అని చెప్పే ఆ అంకె అబద్ధం కాదు. అయితే కుటుంబంతో కలిసి పడవను లాక్కెళ్లే బండిని ఎంచుకోవడానికి అది సరైన ప్రమాణం కాదు. బండి ఎంత లాగగలదన్న దానికన్నా ఎంత మోయగలదు, ఎంత భద్రంగా ఆగగలదు అన్నవే అసలు ప్రశ్నలు.

ఈ లెక్క అర్థం కావాలంటే కొన్ని మాటలు తెలిసి ఉండాలి. మనుషులు, సామాను లేకుండా, ఇంధనంతో నిండి ఉన్న ఖాళీ బండి బరువును కర్బ్ వెయిట్ అంటారు. ఆ బండి తన నాలుగు చక్రాల మీద మొత్తం మీద ఎంత బరువుతో నిలబడవచ్చో తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ హద్దు జీవీడబ్ల్యూఆర్. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే పేలోడ్, అంటే బండిలోకి ఎక్కే మనుషులు, సామాను, వెనుక ట్రైలర్ మోపే భారం అన్నీ కలిసి దాటకూడని బరువు. బండి, ట్రైలర్ రెండూ కలిసి దాటకూడని హద్దు జీసీడబ్ల్యూఆర్. ట్రైలర్ ముందుకొన బండి వెనుకనున్న హిచ్ బంతి మీద కిందికి నొక్కే భారాన్ని టంగ్ వెయిట్ అంటారు. కొనేవారు పట్టించుకోకుండా వదిలేసేది సాధారణంగా ఈ చివరి మాటనే, చివరికి ఇబ్బంది పెట్టేదీ అదే.

మొదట తెలియవలసింది పడవ అసలు బరువు. కేటలాగులో ముద్రించే డ్రై వెయిట్ అంటే ఇంధనం, సామాను లేని వట్టి పడవ బరువు. కొన్ని రకాల్లో అందులో ఇంజను కూడా కలిసి ఉండదు, ట్రైలర్ ఎలాగూ కలవదు. ఇరవై ఒక్క అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ ఒకటి ఇంజనుతో కలిపి 4,000 పౌండ్లు అనుకుంటే, దాని ట్రైలర్ సుమారు 1,100 పౌండ్లు ఉంటుంది. పెట్రోలు గాలనుకు ఆరు పౌండ్ల పైచిలుకు తూగుతుంది కనుక యాభై గాలన్ల ట్యాంకు నిండితే మరో 300 పౌండ్లు. బ్యాటరీలు, లంగరు, మోకులు, లైఫ్ జాకెట్లు, నీటి ఆటల సామాను కలిపి ఇంకో 400. అంటే కేటలాగులో 4,000గా కనిపించిన పడవ రోడ్డెక్కేసరికి 5,800 పౌండ్లు, సుమారు 2,630 కిలోలు అవుతుంది. అలలు లేపడం కోసం తొట్లలో నీళ్లు నింపుకునే వేక్ బోట్లయితే ఆ నీటిని పూర్తిగా వదిలేయకుండా రోడ్డు మీదికి తేకూడదు, ఎందుకంటే గాలను నీళ్లు ఎనిమిది పౌండ్ల పైనే తూగుతాయి.

ఇప్పుడు ఈ పడవను మధ్యస్థాయి పికప్ ఒకదానికి తగిలించి చూస్తే లెక్క ఎక్కడ బిగుసుకుంటుందో కనిపిస్తుంది. ప్రకటనలో ఆ బండి లాగుడు సామర్థ్యం 11,000 పౌండ్లు, అంటే పడవ అందులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. అయితే డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు మూసుకునే స్తంభం మీద పసుపు, తెలుపు రంగుల్లో ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిసి ఇన్ని కిలోలు లేదా ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. అక్కడ 1,450 పౌండ్లు అని ఉందనుకుంటే, పడవ, ట్రైలర్ మొత్తం బరువులో పదకొండు శాతం హిచ్ మీద మోపినప్పుడు అందులోంచి సుమారు 640 పౌండ్లు వెంటనే తగ్గి 810 మిగులుతాయి. డ్రైవరుతో కలిపి నలుగురు పెద్దలు తలా 160 పౌండ్ల చొప్పున, ఒక పిల్లవాడు 80 పౌండ్లు అనుకుంటే 720 పోయి 90 పౌండ్లు మాత్రమే మిగులుతాయి. మంచుతో నింపిన ఐస్ పెట్టె, భోజనం డబ్బాలు, హిచ్ ఇనుము, ట్రక్కు పెట్టె మీద తరువాత బిగించిన మూత కలిస్తే ఆ 90 కూడా చాలవు. ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే తల్లిదండ్రులను కూడా విహారానికి తీసుకువెళ్లే ఇళ్లలో ఈ లెక్క ఇంకా బిగుస్తుంది. లాగుడు సామర్థ్యంలో దాదాపు సగం మిగిలి ఉండగానే మోత సామర్థ్యం అయిపోవడం సగటు పికప్పుల్లో అరుదు కాదు.

ఒకే మోడల్ పేరుతో అమ్మే బండ్లలోనే ఈ చీటీ మీది అంకె వందల పౌండ్ల తేడాతో ఉండవచ్చు. గాజు పైకప్పు, విద్యుత్తుతో కదిలే తోలు సీట్లు, పెద్ద చక్రాలు ఉన్న ఖరీదైన రకం తన సొంత బరువు వల్లనే తక్కువ మోస్తుంది, సాదా రకం ఎక్కువ మోస్తుంది. అందువల్ల కరపత్రంలోని అంకెను కాక, కొనబోయే బండి తలుపు మీది చీటీనే చదవాలి.

టంగ్ వెయిట్ భారమే కదా అని దాన్ని తగ్గించుకోవడం పరిష్కారం కాదు. సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలంటారు. బరువంతా వెనుక ఇంజను వైపు చేరే పడవ ట్రైలర్లకు ఇంతకన్నా కొంత తక్కువను అనుమతించే తయారీదారులు ఉన్నారు. హిచ్ మీది భారం మరీ తగ్గితే ట్రైలర్ వేగంలో పక్కలకు ఊగడం మొదలుపెట్టి, బండి వెనుక భాగాన్ని కూడా తనతో ఊపుతుంది. మరీ పెరిగితే, వెనుక ఇరుసుకు అవతల పడే ఆ బరువు ఏతం మాను మీద నిలిచిన మనిషిలా ముందు భాగాన్ని పైకి లేపి, స్టీరింగు పట్టును, ముందు బ్రేకుల బలాన్ని తగ్గిస్తుంది. ఊగుడు మొదలైనప్పుడు బ్రేకు మీద గట్టిగా తొక్కకుండా, స్టీరింగును నిలకడగా పట్టుకుని యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీయడమే క్షేమం. పొడవైన వీల్‌బేస్, అంటే ముందు వెనుక ఇరుసుల మధ్య ఎక్కువ దూరం ఉన్న బండి ఈ ఊగుడును మెరుగ్గా తట్టుకుంటుంది.

లాగుడు సామర్థ్యపు అంకె ఎలా వస్తుందో తెలుసుకోవడం కూడా మంచిదే. ఒకప్పుడు ప్రతి కంపెనీ తన పద్ధతిలో తాను పరీక్షించి తనకు నచ్చిన అంకె ప్రకటించుకునేది. ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘమైన ఎస్ఏఈ రూపొందించిన జే2807 ప్రమాణాన్ని 2011 మోడళ్లతో టొయోటా ముందుగా పాటించగా, మిగిలిన పెద్ద కంపెనీలు తరువాతి కొన్నేళ్లలో అదే దారికి వచ్చాయి. ఆ పరీక్షల్లో ఒకటి అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎక్కుడు దారి మీద ఆధారపడింది: పదకొండు మైళ్లకు పైగా సాగే ఆ దారిని, 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా పనిచేస్తుండగా, మామూలు పికప్ గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఎక్కాలి. ఇది కఠినమైన, నిజాయితీ గల పరీక్ష. అయితే అందులో బండిలో కూర్చునేది డ్రైవరు, మరొక మనిషి మాత్రమే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. నిండు కుటుంబంతో వెళ్లే బండికి ఆ అంకె యథాతథంగా వర్తించదు. ప్రకటించిన సామర్థ్యంలో ఎనభై శాతం దాటకుండా ఉండాలని అనుభవజ్ఞులు చెప్పే సలహా ఈ కారణంగానే పాటించదగినది.

ఆపడం విషయానికి వస్తే, బరువైన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని అమెరికాలో రాష్ట్రాల చట్టాలు చెబుతాయి. ఏ బరువు నుంచి అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, చాలా చోట్ల 3,000 పౌండ్లు, టెక్సాస్‌లో 4,500. పడవ ట్రైలర్ మాటిమాటికీ నీళ్లలో మునుగుతుంది కనుక దానికి ఎక్కువగా వాడేది విద్యుత్తు బ్రేకులు కాదు, సర్జ్ బ్రేకులు. బండి నెమ్మదించినప్పుడు వెనుక నుంచి ట్రైలర్ ముందుకు తోసుకువస్తుంది. హిచ్ దగ్గర జారే అమరిక ఆ తోపును నూనె సిలిండరు మీదికి మళ్లిస్తే, ఆ ఒత్తిడితోనే ట్రైలర్ చక్రాల బ్రేకులు పడతాయి. ఇందులో ఒక చిక్కు ఉంది: ట్రైలర్‌ను ఎక్కుడులోకి వెనక్కు నెట్టేటప్పుడు కూడా అదే అమరిక నొక్కుకుపోయి బ్రేకులు పట్టేస్తాయి. అందుకే రివర్స్ దీపం వెలగగానే బ్రేకును విడిపించే విద్యుత్ కవాటం ట్రైలర్‌లో ఉంటుంది, దానికి కరెంటు అందించే అదనపు తీగ బండి సాకెట్టులో ఉండాలి. నాలుగు తీగల సాకెట్టు మాత్రమే ఉన్న బండిలో ఈ సౌకర్యం ఉండదు కనుక కొనేటప్పుడే చూసుకోవాలి. మరొక సంగతి, డ్యాష్‌బోర్డులో కంపెనీ బిగించి ఇచ్చే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ విద్యుత్తు బ్రేకులకు ఉద్దేశించినది, సర్జ్ బ్రేకుల మీద దానికి అధికారం లేదు. పడవ కోసం అదనపు సొమ్ము పెట్టి దాన్ని తీసుకునేవారు ఈ విషయం తెలిసే తీసుకోవాలి.

ఇంజను గురించి కొనేవారు అతిగా ఆలోచిస్తారు. నేటి పికప్పుల్లో ఇంజను బలం చాలకపోవడం అరుదు. చక్రాన్ని తిప్పే బలమైన టార్క్ తక్కువ వేగంలోనే అందే టర్బో పెట్రోలు, డీజిల్ ఇంజన్లు లాగుడుకు హాయిగా ఉంటాయి. ఎత్తైన కొండదారుల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది: గాలి పలచబడడం వల్ల టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది, కాబట్టి శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి టాహో సరస్సుకు పడవను తీసుకువెళ్లేవారు ఏడు వేల అడుగులకు పైనున్న కనుమను దాటేటప్పుడు బలంలో అయిదో వంతు పోయినట్టే లెక్క. టెక్సాస్ మైదానాల్లో ఈ బెంగ లేదు. ఇంజనుతో పాటు చూడవలసింది యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను బలాన్ని ఇరుసుకు చేరవేసే కడ్డీ ఎన్నిసార్లు తిరుగుతుందన్న నిష్పత్తి. 3.31 కన్నా 3.73 ఉన్న బండి బరువును తేలికగా కదిలిస్తుంది, మామూలు ప్రయాణంలో కాస్త ఎక్కువ ఇంధనం తాగుతుంది. గేరుబాక్సు నూనెను చల్లబరిచే కూలర్ ఉండే టో ప్యాకేజీని కంపెనీ నుంచే తీసుకోవడం తరువాత బయట బిగించుకోవడం కన్నా మేలు.

నీటి అంచున బండి ఎదుర్కొనే పరీక్ష వేరు. పడవను దించే ర్యాంపు వాలు సాధారణంగా 12 నుంచి 15 శాతం ఉంటుంది. బండి వెనుక చక్రాలు నీటి అంచున నాచు పట్టిన కాంక్రీటు మీద నిలుస్తాయి, నీళ్లు కారుతున్న పడవను వెనకేసుకుని అక్కడి నుంచి పైకి కదలాలి. బండి ముఖం పైకి ఉండడం వల్లా, హిచ్ మీద భారం వల్లా బరువంతా వెనుక చక్రాల మీదికి వాలి ముందు చక్రాలు తేలికవుతాయి కనుక ముందు చక్రాలు మాత్రమే తిరిగే బండి ఇక్కడ జారిపోతుంది. వెనుక చక్రాల బండి చాలావరకు నెట్టుకొస్తుంది, నాచు ఎక్కువైతే అదీ జారుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే బండి, అందులోనూ నెమ్మదిగా ఎక్కువ బలంతో కదిలే లో రేంజ్ గేరు ఉన్నది, పడవ యజమానికి విలాసం కాదు, అవసరం. ర్యాంపు మీద ఆపినప్పుడు ముందు పార్కింగ్ బ్రేకు వేసి తరువాత గేరును పార్క్‌లో పెట్టడం, చక్రాల వెనుక దిమ్మలు పెట్టడం, పిల్లలను బండిలోంచి ముందే దించేయడం తప్పనిసరి. నిలిపిన బండ్లు జారి నీళ్లలో పడిన సంఘటనలు లేకపోలేదు.

ఏ పడవకు ఏ స్థాయి బండి అంటే, ట్రైలర్‌తో కలిపి రెండు రెండున్నర వేల పౌండ్లు తూగే అల్యూమినియం చేపల పడవకు హోండా రిడ్జ్‌లైన్, లేదా 4,000 పౌండ్ల టో ప్యాకేజీతో తీసుకున్న ఫోర్డ్ మేవరిక్ సరిపోతుంది. పై లెక్కలోని ఫైబర్‌గ్లాస్ పడవకు ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో 1500, ర్యామ్ 1500, టొయోటా టండ్రా వంటి మధ్యస్థాయి బండ్లు తగినవి. ఎనిమిది, తొమ్మిది వేల పౌండ్లు దాటే పెద్ద పడవలకు ఎఫ్-250 వంటి హెవీ డ్యూటీ బండ్లు కావాలి. వాటిలో ఖాళీగా ప్రయాణం కుదుపుగా ఉంటుంది, డీజిల్ ఇంజను బరువు వల్ల మోత సామర్థ్యం అనుకున్నంత పెరగకపోవచ్చు కూడా. విద్యుత్ పికప్పులకు బలం పుష్కలం, పడవను ఎంతో నిబ్బరంగా లాగుతాయి, కాని ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం ఇంచుమించు సగానికి పడిపోతుంది, చాలా చార్జింగ్ కేంద్రాల్లో ట్రైలర్‌ను విప్పి పక్కన పెట్టందే బండి పట్టదు. దగ్గరి చెరువుకు అవి బాగుంటాయి, టెక్సోమా వంటి దూరానికి ముందుగా లెక్క వేసుకోవాలి.

ఇరవై, ఇరవై ఒక్క అడుగుల పడవ, అయిదారుగురు మనుషులు ఉన్న ఇంటికి తగినది అలంకారాలు తక్కువగా, చీటీ మీద పేలోడ్ 1,700 పౌండ్లకు తగ్గకుండా, నాలుగు చక్రాల శక్తి, టో ప్యాకేజీ ఉన్న మధ్యస్థాయి పికప్. కొనేముందు పడవను ఇంధనం, సామానుతో సహా ట్రైలర్ మీద పెట్టి హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే కాటా మీద తూకం వేయించాలి. స్వల్ప రుసుముతో నిమిషాల్లో అయిపోయే పని అది. ఆ తూకం చీటీని చేతిలో పట్టుకుని షోరూముకు వెళ్లండి, ఇంట్లో అందరి బరువులూ కూడి బండి తలుపు మీది అంకెతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి.