కఠినమైన కోర్సులో ‘బి’, తేలిక కోర్సులో ‘ఎ’

తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో ఇంటర్మీడియట్ బోర్డు పరిధిలో ఎం.పి.సి. తీసుకున్న వారందరికీ ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం ఉంటాయి కనుక మార్కులను నేరుగా పోల్చవచ్చు. అమెరికా హైస్కూళ్లలో మాత్రం ఒకే ఈడు పిల్లలు ఒకే బడిలో వేర్వేరు స్థాయిల లెక్కలు చదువుతారు కనుక, ‘ఎ’ అనే అక్షరం ఒక్కటే ఎవరెంత నేర్చుకున్నారో చెప్పలేదు. కఠినమైన కోర్సులో ‘బి’ మేలా, సాధారణ కోర్సులో ‘ఎ’ మేలా అని అక్కడి తెలుగు ఇళ్లలో కోర్సులు ఎంచుకునే వేళ జరిగే తర్జనభర్జనకు మూలం ఈ తేడాయే.

కఠినమైన కోర్సుల్లో అందరికీ తెలిసినవి ‘ఏపీ’, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు. కాలేజీ తొలి ఏడాది స్థాయి పాఠాలను బడిలోనే చెప్పే ఈ కోర్సులకు కాలేజ్ బోర్డ్ అనే సంస్థ మే నెలలో పరీక్ష పెట్టి, 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తుంది; అయితే జీపీఏ అనే సగటులోకి సాధారణంగా చేరేది ఆ స్కోరు కాదు, క్లాసులో టీచరు ఇచ్చే గ్రేడు. ‘ఎ’కు 4, ‘బి’కి 3 పాయింట్లు, ఏపీ కోర్సుకు ఒక పాయింటు అదనంగా కలిపే ‘వెయిటెడ్’ పద్ధతిలో ఏపీలో ‘బి’, సాధారణ కోర్సులో ‘ఎ’ రెండూ 4 వద్దే తేలతాయి.

ఈ లెక్కలో బాధ కలిగించే మెలిక ఒకటుంది. ఆరు ఏపీ కోర్సుల్లోనూ ‘ఎ’ తెచ్చుకున్న అమ్మాయి సగటు 5 కాగా, ఆమె ఇష్టపడి చేరిన ఆర్కెస్ట్రా క్లాసులోనూ ‘ఎ’ వస్తే, దానికి అదనపు పాయింటు లేనందున సగటు 4.86కు పడిపోతుంది. 1997 నాటి చట్టం వల్ల తరగతి ర్యాంకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆటోమేటిక్ ప్రవేశానికి ఆధారమైన టెక్సాస్ వంటి చోట, ఈ దశాంశాల కోసం పిల్ల చేతిలోని వయొలిన్‌ను పక్కన పెట్టించడం అన్యాయం.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బడి లెక్కను వదిలి తానే సగటు కట్టుకుంటూ, 10, 11 తరగతుల్లో చదివిన ఇలాంటి కోర్సుల్లో ఎనిమిది సెమిస్టర్లకు, అంటే ఏడాది పొడవు కోర్సులు నాలుగింటికి మాత్రమే, అదీ ‘సి’కి తగ్గకుండా వస్తేనే అదనపు పాయింటు ఇస్తుంది. అనేక విశ్వవిద్యాలయాలు వాడే కామన్ అప్లికేషన్‌లోనైతే, అదే బడిలోని ఇతర విద్యార్థులతో పోలిస్తే విద్యార్థి ఎంచుకున్న కోర్సులు ఎంత కఠినమైనవో బడి కౌన్సెలర్ చెప్పాల్సి ఉంటుంది. కనుక ఐదే ఏపీ కోర్సులున్న బడి నుంచి వచ్చినందుకు ఎవరూ నష్టపోనక్కరలేదు.

అందువల్ల కోర్సుల సంఖ్యను కాక, సబ్జెక్టును చూసి నిర్ణయించుకోవడం సబబు. ఇంజినీరింగ్ కోరే విద్యార్థికి ఫిజిక్స్‌లో శ్రమపడి తెచ్చుకున్న ‘బి’ పనికొస్తుంది, ఏ ఆసక్తీ లేకుండా తీసుకున్న ఆరో ఏపీ నిద్రనే తినేస్తుంది. ప్రీకాల్‌క్యులస్‌లో తడబడిన వారికి వేగంగా సాగే కాల్‌క్యులస్ బీసీ ఒక్కటే దారి కాదు. అదే విషయాన్ని నెమ్మదిగా, కొంత తక్కువ మేర చెప్పే ఏబీ కోర్సు కూడా ఏపీయే, దానికీ అదే అదనపు పాయింటు ఉంటుంది.