గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎప్పుడు, ఎలా నవీకరించాలి?

వీడియో పాఠం ఆగి ఆగి నడుస్తుంది. తెరమీద గీతలు వస్తాయి. అక్షరాలు సాగిపోయినట్లు కనిపిస్తాయి. ఇలా జరిగితే కంప్యూటర్ పాడైందని దుకాణానికి మోసుకెళ్లేవారు చాలామంది. లోపం నెట్‌లో ఉందేమో ముందు చూసుకోవాలి. కంప్యూటర్‌లో దాచుకున్న వీడియో కూడా అలాగే తడబడుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించవచ్చు.

డ్రైవర్ అంటే దుబాసీ వంటి సాఫ్ట్‌వేర్. విండోస్ చెప్పేదాన్ని, తెరపై బొమ్మను తయారుచేసే చిప్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. విండోస్ తరచూ మారుతుంది, చిప్ మారదు. దుబాసీ పాతబడితే మధ్యలో మాట తేడా వస్తుంది.

మీ చిప్ ఏదో తెలుసుకోవడానికి స్టార్ట్ బటన్‌పై మౌస్ కుడి బటన్ నొక్కి, డివైస్ మేనేజర్‌లో ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ తెరవండి. సాధారణంగా ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా పేర్లలో ఒకటి ఉంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో రెండు కనిపిస్తాయి, కంగారు పడనక్కరలేదు. మామూలు పనికి ఒకటి, బరువైన పనికి మరొకటి. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని మాత్రమే ఉంటే, అసలు డ్రైవర్ లేక విండోస్ తాత్కాలికంగా నెట్టుకొస్తున్నదని అర్థం. అప్పుడు నవీకరణ తప్పనిసరి.

అంతా సవ్యంగా నడుస్తుంటే? విండోస్ అప్‌డేట్ తనంతట తాను తెచ్చేవాటిని రానివ్వండి. అంతకుమించి వెతుక్కుంటూ వెళ్లవద్దన్నది నా సలహా. పరీక్షల వారంలో అసలే వద్దు.

అవసరమైతే, డివైస్ మేనేజర్‌లో ఆ చిప్ పేరుపై రెండుసార్లు నొక్కి, ‘డ్రైవర్’ ట్యాబ్‌లో ఉన్న వెర్షన్, తేదీ కాగితంపై రాసుకోండి. ఈ రెండు నిమిషాల పనిని దాదాపు ఎవరూ చేయరు. తర్వాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ వరుసగా తెరిస్తే డ్రైవర్ ఏదైనా సిద్ధంగా ఉంటే కనబడుతుంది. అక్కడ లేకపోతే, ల్యాప్‌టాప్ అయినప్పుడు దాని తయారీదారు వెబ్‌సైట్‌కు, విడిభాగాలతో కూర్చిన కంప్యూటర్ అయితే చిప్ తయారీదారు వెబ్‌సైట్‌కు వెళ్లాలి. ల్యాప్‌టాప్ తయారీదారులు తమ మోడల్‌కు తగినట్లు డ్రైవర్‌లో మార్పులు చేసి ఉండవచ్చు. అందుకే ఈ తేడా.

‘మీ డ్రైవర్లు పాతబడ్డాయి, వెంటనే సరిచేయండి’ అంటూ తెరమీదికి దూకే ప్రకటనలను నొక్కకండి. తయారీదారులు డ్రైవర్లను ఉచితంగానే ఇస్తారు. డబ్బు అడిగారంటే అది మీకు అవసరమైన చోటు కాదు.

డ్రైవర్ ఎక్కుతున్నంతసేపూ ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించి ఉంచండి. మధ్యలో తెర నల్లబడి మళ్లీ వెలుగుతుంది. అది సహజం. భయపడి పవర్ బటన్ నొక్కితేనే ప్రమాదం. చాలాసేపటికీ వెలగకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి ఒకసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. తెరిచి ఉన్న మీ ఫైళ్లు మూతపడవు.

కొత్త డ్రైవర్‌తో ఇబ్బంది పెరిగితే అదే ‘డ్రైవర్’ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాతది తిరిగి వస్తుంది. ఆ బటన్ వెలిసిపోయినట్లు కనిపిస్తే, పాత డ్రైవర్ కంప్యూటర్‌లో మిగల్లేదన్నమాట. అప్పుడు కాగితంపై రాసుకున్న వెర్షన్‌నే తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికి దించుకోవాలి.