చంద్రలోక చిత్రము – ఎగురని రాకెట్టు

శ్రీహరికోటనుండి రాకెట్టు ఎగురునపుడు అంకెలను వెనుకనుండి లెక్కించుట మన విద్యార్థులు ఎరిగినదే. పది, తొమ్మిది, ఎనిమిది అనుచు లెక్క దిగివచ్చును. సున్న వద్ద రాకెట్టు లేచును. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరినపుడును ఈ లెక్కనే వింటిమి. దీనినే కౌంట్‌డౌన్ అందురు. ఈ తలక్రిందుల లెక్క ఏ ప్రయోగశాలలోనో పుట్టినదని అనుకొనుట సహజము. కాని దీనికి ప్రసిద్ధి తెచ్చినది 1929లో జర్మనీలో విడుదలైన ఒక మూకీ చలనచిత్రము. దాని పేరు 'చంద్రునిలో స్త్రీ'. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్.

మూకీ చిత్రము గనుక అంకెలను ఎవరును పలుకలేదు. అవి అక్షరములుగా తెరపై కనబడినవి. ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కించుచు పోయినచో ఏ అంకెవద్ద రాకెట్టు లేచునో ప్రేక్షకునికి తెలియదు. క్రిందికి లెక్కించినచో సున్నవద్ద ఏదో జరుగునని పసివానికికూడ తెలియును. ఉత్కంఠకొరకే తాను ఈ ఉపాయము పన్నితినని లాంగ్ తరువాత చెప్పుకొనెను.

ఈ చిత్రము రాకపూర్వము ఒక సంవత్సరకాలము జనులు దానికై ఎదురుచూచిన తీరును, ఆ ఎదురుచూపు ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని నెత్తిపై మోపిన భారమును ఇచట వివరింతును. సినిమాలో రాకెట్టు చక్కగా ఎగిరినది. నిజముగా ఎగురవలసిన రాకెట్టు మాత్రము ఎగురలేదు. ఎందువలన ఎగురలేదో తెలిసికొనుటలోనే రాకెట్టు శాస్త్రము చాలవరకు ఇమిడియున్నది.

1927లో విడుదలైన 'మెట్రోపోలిస్' చిత్రముతో లాంగ్ పేరు ఐరోపా అంతట మారుమ్రోగెను. అట్టివాడు తన తరువాతి చిత్రములలో ఒకటి చంద్రయానమునుగూర్చి అని ప్రకటించగా జర్మనీలో కలిగిన సంచలనము అంతయింత కాదు. నేల అంతకుముందే దున్నియుండెను. 1927 జూలైలో బ్రెస్లా నగరమున కొందరు ఔత్సాహికులు కూడి అంతరిక్షయాన సంఘమును స్థాపించియుండిరి. 1928 మే 23న బెర్లిన్ నగరపు పందెపుబాటపై ఫ్రిట్జ్ ఫన్ ఓపెల్ అను కారుల యజమాని తుపాకిమందు రాకెట్టులను బిగించిన కారును గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగముతో నడపి, చూడవచ్చిన వేలాదిజనమును ఆశ్చర్యపరచెను. ఆ కారువలన అంతరిక్షయానము ఒక్క అంగుళమైన ముందుకు జరుగలేదు. కాని రాకెట్టు అను మాట అందరి నోటను నానసాగినది.

అభిమానులందరి ఆశయు ఒక్కటి కాదు. సినిమా ప్రియులకు మెట్రోపోలిస్‌ను మించిన వింత కావలెను. పత్రికలు చదివి పొంగిపోయినవారు చంద్రయానము రేపోమాపో జరుగునని నమ్మిరి. సంఘమువారు లెక్కలు తెలిసినవారు. వారి ఆశ వేరు. లాంగ్ వంటి దర్శకుడు తీసిన చిత్రముకంటె తమ భావమును ప్రజలలో వెదజల్లగల సాధనము మరొకటి లేదని వారు తలచిరి. ఆ సంఘమున ముఖ్యుడైన విల్లీ లే తరువాత వ్రాసిన రాకెట్టుల చరిత్రలో ఈ సంగతి కనబడును. పైగా సినిమా సంస్థవద్ద ధనమున్నది. ప్రయోగములు చేయువారివద్ద చిల్లిగవ్వయు లేదు.

ఆ ప్రయోగకర్త పేరు హెర్మన్ ఓబెర్త్. 1894లో ట్రాన్సిల్వేనియాలో జన్మించెను. మెడియాష్ అను చిన్నపట్టణమున ఉన్నత పాఠశాలలో గణితమును భౌతికశాస్త్రమును బోధించుచుండెను. బాల్యముననే జూల్స్ వెర్న్ వ్రాసిన చంద్రయాత్ర నవలను చదివి, అందలి లెక్కలను సరిచూచినవాడు. ఆ పనిని మన విద్యార్థులును చేయవచ్చును. వెర్న్ ఫిరంగి పొడవు 900 అడుగులు, అనగా సుమారు 274 మీటర్లు. గుండు సెకనుకు 11 కిలోమీటర్ల వేగముతో వెలువడవలెను. వేగపు వర్గమును పొడవునకు రెట్టింపుచే భాగించినచో త్వరణము వచ్చును. అది భూమ్యాకర్షణ త్వరణమునకు 22 వేల రెట్లకు పైమాటే! గుండులో కూర్చున్నవారు తామెక్కడికి పోవుచున్నదియు తెలియకముందే అప్పడములవలె అణగిపోవుదురు.

రాకెట్టులోనైనచో అదే వేగమును నిదానముగా పొందవచ్చును. సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగమును ఎనిమిది నిమిషములలో పొందినచో సగటు త్వరణము సెకనుకు సెకనుకు 23 మీటర్లు మాత్రమే. నిలువుగా లేచునపుడు భూమ్యాకర్షణనుకూడ కలిపినచో మనిషికి తన బరువు మూడున్నర రెట్లు అయినట్లు తోచును. పరుపుపై వెల్లకిల పరుండి దీనిని ఓర్చుకొనవచ్చును. ఈ భావములనే విస్తరించి ఓబెర్త్ వ్రాసిన సిద్ధాంతవ్యాసమును హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయము నిరాకరించెను. ఆయన దానిని 1923లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించెను. అభిమానులందరికి అది పాఠ్యగ్రంథమైనది.

1928లో ఓబెర్త్ బెర్లిన్ వచ్చి లాంగ్ చిత్రమునకు శాస్త్ర సలహాదారుడయ్యెను. పని అంతటితో ఆగినచో బాగుండెడిది. కాని చిత్రపు మొదటి ప్రదర్శన సందర్భమున నిజమైన రాకెట్టునొకదానిని ఆకాశమునకు పంపవలెనను తలంపు పుట్టినది. ఖర్చునకు ఉఫా సినిమా సంస్థయు, లాంగ్ స్వయముగను పూనుకొనిరి. పత్రికలలో ప్రచారము మొదలయ్యెను. చిత్రముకంటె ఈ రాకెట్టే పెద్ద వార్త అయినది.

ఇక్కడ చిక్కు గమనింపుడు. విడుదల తేదీని నిర్ణయించునది సినిమా సంస్థ. రాకెట్టు తన తేదీని తానే నిర్ణయించుకొనును. పండుగనాడు మనము కాల్చు తారాజువ్వలో మందు, దానిని మండించు పదార్థము కలిసియే ఉండును. ఓబెర్త్ కోరినది ద్రవ ఇంధన రాకెట్టు: ఒక తొట్టిలో పెట్రోలు, మరొక తొట్టిలో ద్రవ ఆక్సిజను. ఈ ద్రవము సున్నకు దిగువ 183 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మరుగును. ఈ రెంటిని చిన్న దహనపు గదిలోనికి చిమ్మి, కలిపి, మండించవలెను. అక్కడ పుట్టిన వాయువు మూతినుండి వెనుకకు దూసికొనిపోవుచు రాకెట్టును ముందుకు త్రోయును. వాయువు ఎంత వేగముగా పోయిన అంత మేలు. అంతకుముందు ఇట్టి రాకెట్టును ఎగురవేసినవాడు అమెరికాలోని రాబర్ట్ గొడార్డ్ ఒక్కడే. 1926 మార్చి 16న అతని రాకెట్టు రెండున్నర సెకనులు ఎగిరి సుమారు 12 మీటర్ల ఎత్తునకు పోయినది. ఆ వివరములను అతడు వెంటనే లోకమునకు ప్రకటింపలేదు. కావున ఓబెర్త్ అన్నిటిని మొదటినుండియు తానే నేర్చుకొనవలసియుండెను.

గదిలోనికి చిమ్మిన పెట్రోలు తుంపరలు గది దాటిపోవులోపల పూర్తిగా మండునా? తుంపరలు పెద్దవైనచో ఇంధనము మండకనే బయటికి పోవును. ఇదియే ఆయనను వేధించిన ప్రశ్న. దీనిని పరీక్షించుటకై ద్రవీకరించిన గాలిలోనికి పెట్రోలును చిమ్మి మండించెను. ప్రయోగములలో ఒకనాడు ప్రేలుడు సంభవించినది. ఆయన కర్ణభేరి చిట్లినది, కంటికి గాయమైనది. (ఉపాధ్యాయులు ఈ ఘట్టమును చెప్పునపుడు, ఇట్టి ప్రయోగమును తరగతిలోగాని ఇంటిలోగాని తలపెట్టరాదని కూడ చెప్పవలెను. పెట్రోలు, ద్రవ ఆక్సిజను కలిసిన మిశ్రమము అక్షరాల ప్రేలుడు పదార్థము.) ఇంతటి గాయములోను ఆయనకు ఒక విషయము తేటపడెను. తుంపరలు తాను లెక్కవేసినదానికంటె చాల త్వరగా మండుచున్నవి. అనగా దహనపు గది చిన్నదైనను పని జరుగును.

కాని గడువు దగ్గరపడినది. ఓబెర్త్ సిద్ధాంతమున దిట్ట. లోహపు పనిలో, కూలీలను సమకూర్చుటలో అనుభవము లేనివాడు. ప్రేలుడు దెబ్బనుండి తేరుకొనకయే పనిచేయుచుండెను. మొదటి నమూనా కుదరక, దానిని విడిచి, పొడవైన గొట్టములో కర్బనపు కడ్డీలను ద్రవ ఆక్సిజనులో మండించు మరొక నమూనాను ప్రయత్నించెను. అదియు కుదరలేదు. ఆయన బెర్లిన్ విడిచి స్వస్థలమునకు వెడలిపోయెను. కొందరు ఆయనను నిందించిరి. నా దృష్టిలో నిందార్హమైనది ఆయన పని కాదు. పది సంవత్సరముల పనిని కొన్ని నెలలలో ముగించి జాతరలో చూపవలెనన్న కోరిక.

1929 అక్టోబరు 15న బెర్లిన్‌లోని ఉఫా వారి పెద్ద సినిమా మందిరమున చిత్రము మొదటిసారి ప్రదర్శింపబడెను. బయట ఆకాశమున ఏ రాకెట్టును లేవలేదు. తెరపై మాత్రము రాకెట్టు లేచు దృశ్యము జనులను ముగ్ధులను చేసినది. కథ సాగదీసినట్లున్నదని విమర్శకులు పెదవి విరిచిరి. అంతలో మాటలాడు చిత్రముల కాలము వచ్చుచుండెను. రాకెట్టు లేచునపుడు శబ్దము చేర్చవలెనని సంస్థ కోరగా లాంగ్ ఒప్పుకొనలేదు.

ఓబెర్త్ సలహాలు ఎంత ఫలించెనో చిత్రమును చూచినచో తెలియును. రాకెట్టును ఎత్తైన భవనములో నిలువుగా కూర్చి, నిలువుగానే కదలు వేదికపై బయటికి తెత్తురు. నేడు శ్రీహరికోట రెండవ ప్రయోగ వేదికవద్ద జరుగు పనియు ఇట్టిదే. యాత్రికులు పరుండి త్వరణమును ఓర్చుకొందురు. భారరహిత స్థితిలో తేలిపోకుండ పాదములను పట్టీలలో దూర్చుకొందురు. రాకెట్టు అంచెలు అంచెలుగా విడిపోవును. ఈ అంచెల అవసరమును కొంచెము వివరింపవలెను. వాయువు సెకనుకు 3 కిలోమీటర్ల వేగముతో వెలువడుననుకొందము. 11.2 కిలోమీటర్ల వేగము పొందుటకు, బయలుదేరునపుడు 42 టన్నులున్న రాకెట్టులో తుదకు మిగులునది ఒక టన్ను. ఆ ఒక్క టన్నులోనే ఖాళీ తొట్లు, యంత్రము, మనుష్యులు, ఆహారము అన్నియు ఇముడవలెను. అది అసాధ్యము. రెండు అంచెలు చేసి, మొదటి అంచె ఇంధనము తీరగనే దాని తొట్లను యంత్రమును పారవైచినచో, ఒక్కొక్క అంచెలో ఆరున్నరకు ఒకటి నిష్పత్తి చాలును. ఇది కష్టమేగాని అసాధ్యము కాదు.

తప్పులును గలవు. చంద్రుని ఆవలి ముఖమున గాలియున్నదని, కొండలలో బంగారమున్నదని చిత్రములో చూపిరి. యాత్రికులు మామూలు దుస్తులతోనే అక్కడ తిరుగుదురు. ఆవలివైపు గాలి, నీరు ఉండవచ్చునని 19వ శతాబ్దమున హాన్సెన్ అను జ్యోతిశ్శాస్త్రవేత్త ఊహించియుండెను. ఆ ఊహ 1929నాటికే పాతబడినది. అయినను గాజు శిరస్త్రాణముల లోపలనుండి ప్రేమకథ నడుపుట ఏ దర్శకునికైన కష్టమే గదా! ఆవలి ముఖమును మానవుడు మొదటిసారి చూచినది 1959 అక్టోబరులో, సోవియట్ లూనా-3 తీసిన ఛాయాచిత్రములలో.

చిత్రము వచ్చినది, పోయినది. ఎదురుచూచిన జనము ఇతర వింతలవైపు మరలినది. సంఘమువారు మాత్రము మరలలేదు. సినిమా సంస్థకు ఇక పనికిరాని సామగ్రిని వారు సంపాదించిరి. అందు శంకువు ఆకారపు చిన్న దహనపు గది ముఖ్యమైనది. 1930 జూలై 23న బెర్లిన్‌లోని ఒక ప్రభుత్వ రసాయన పరిశోధనాలయమున, కురియుచున్న వర్షములో, ఓబెర్త్ దానిని మండించి చూపెను. సహాయకులలో 18 ఏండ్ల యువకుడొకడు ఉండెను. వాని పేరు వెర్నర్ ఫన్ బ్రాన్. ఆ యంత్రము 90 సెకనులు ఆగక పనిచేసి సుమారు 7 కిలోగ్రాముల తోపుడు నిచ్చినది. బడిపిల్లవాని పుస్తకముల సంచి బరువంత! అది వినియోగించినది సుమారు 6 కిలోగ్రాముల ద్రవ ఆక్సిజను, ఒక కిలోగ్రాము పెట్రోలు. ఈ అంకెలనుండి వాయువు వెలువడిన వేగమును లెక్కింపవచ్చును. తోపుడును న్యూటనులలోనికి మార్చి, 90చే గుణించి, 7చే భాగించినచో సెకనుకు సుమారు 900 మీటర్లు వచ్చును. పైన మనమనుకొన్న 3 కిలోమీటర్లలో మూడవవంతునకు కూడ చాలదు. అయినను ప్రభుత్వ పరిశోధనాలయము అంకెలతోసహా ధ్రువపత్రము నిచ్చినది. అంతవరకు సినిమా సరదాగా ఉన్నది ఆనాటినుండి కొలతకు లొంగినది.

అదే సంవత్సరము సెప్టెంబరులో సంఘమువారు బెర్లిన్ శివారున పాడుబడిన స్థలమునొకదానిని అద్దెకు తీసికొని రాకెట్టు క్షేత్రమని పేరు పెట్టుకొనిరి. ధనము లేదు, నిరుద్యోగులైన పనివారు కేవలము తిండికి, నీడకు పనిచేసిరి. సినిమా సంస్థ వారివైపు చూడలేదు. చూచినది సైన్యము. 1932లో ఫన్ బ్రాన్ సైన్యము కొలువున చేరెను. 1942 అక్టోబరు 3న బాల్టిక్ తీరమున పేనెముండె నుండి వారి పెద్ద రాకెట్టు విజయవంతముగా ఎగిరినది. వీ-2 అను పేరుతో లండన్, ఆంట్వెర్ప్ నగరములపై పడినది ఇదియే. దానిని తయారుచేయు సొరంగములలో నిర్బంధ శిబిరపు ఖైదీలు వేలసంఖ్యలో మరణించిరి.

ఆ అక్టోబరునాడు ఎగిరిన రాకెట్టుపై ఒక బొమ్మ చిత్రింపబడియుండెను: నెలవంకపై కూర్చున్న యువతి. లాంగ్ చిత్రపు పేరును ఇంజనీర్లు మరువలేదు. ఆ చిత్రము మాత్రము అప్పటికి జర్మనీలో ఆడుట లేదు. అందలి రాకెట్టు తమ రహస్యములకు మరీ దగ్గరగా ఉన్నదని నాజీ ప్రభుత్వము దానిని ప్రదర్శనలనుండి తొలగించి, నమూనాలనుకూడ స్వాధీనము చేసికొనెనని, 1933లోనే ఆ దేశము విడిచిపోయిన లాంగ్ తరువాత చెప్పెను.