అందరూ తినగల కుండ

గిల్గాలులో కరవు కాలమందు తెలియక కోసి తెచ్చిన అడవికాయల వల్ల ప్రవక్తల శిష్యుల వంట తినరానిదైంది. ఎలీషా కుండను పారబోయించలేదు. పిండి వేసి, అందరూ తినేలా చేశాడు (2 రాజులు 4:38-41).

భద్రాచలం మన్యంలో మా కూడిక తరువాత జొన్న గటక, కారం దట్టించిన చిక్కుడుగింజల కూర వడ్డిస్తాము. కడుపుమంటతో బాధపడే ఒక వృద్ధ సహోదరి విస్తరి ముందు ఊరకే కూర్చుండగా చూసి సిగ్గుపడ్డాము.

ఇప్పుడు జొన్నరవ్వను రాత్రే నానబెట్టి, నీళ్లు ఎక్కువ పోసి మెత్తని జావ కాస్తున్నాము. చిక్కుడుగింజలకు బదులు పొట్టులేని పెసరపప్పు, సొరకాయ ముక్కలు ఉప్పు, పసుపు వేసి, మిరపకాయ లేకుండా ఉడికిస్తున్నాము. కొద్దికొద్దిగా తినమంటాము. నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.

ఒక్కరు పస్తున్నా అది ప్రేమవిందు కాదు. మీ సంఘంలో తినలేక లేచిపోతున్నదెవరో ఈ ఆదివారం చూడండి.