నిశ్చింతకై వేచియుండని నిర్ణయము

ఆందోళన పూర్తిగా ఉపశమించిన పిమ్మటనే నిర్ణయము చేయుదమని కూర్చుండువానికి కాలమే నిర్ణయము చేసిపెట్టును. అయితే అది వానికి హితమైనదే కావలెనను నియమము కాలమునకు లేదు. స్వదేశమునకు మరలుదమా, ఉన్నచోటనే ఉందమా, వృద్ధులైన తల్లిదండ్రులను తోడ్కొని వత్తుమా, చేతనున్న ఉద్యోగమును విడుతుమా అని ఏండ్ల తరబడి తర్కించుకొను ప్రవాసాంధ్రులకు ఈ సంగతి వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఇట్టి సందిగ్ధావస్థయందు సామాన్యజనులు ఎట్లు మెలగుదురో తెలిసికొనగోరువారు కర్ణాటకమునందలి కోలారు బంగారుగనుల చరిత్రను ఒకసారి పరిశీలింపవలెను.

1880 వ సంవత్సరమున జాన్ టేలర్ అను గనుల కంపెనీ అచ్చట పని ప్రారంభించిన నాటినుండి తమిళులు, తెలుగువారు, కన్నడిగులు వేల సంఖ్యలో వచ్చి ఊరిగాము, ఛాంపియన్ రీఫ్, మారికుప్పము మొదలగు తావులలో స్థిరపడిరి. ఛాంపియన్ రీఫ్ గని క్రమముగా మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. అంత లోతున రాతి వేడిమి 60 డిగ్రీల సెల్సియస్‌ను దాటుటయే కాక, త్రవ్వకమువలన ఒత్తిడి హెచ్చిన శిలలు హఠాత్తుగా బ్రద్దలగుట యను ఉపద్రవము గనివారిని నిరంతరము వెన్నాడుచుండెను. దీనిని వారు ‘ఎయిర్ బ్లాస్ట్’ అనెడివారు. అది సంభవించినపుడు పైన నివాసములయందును నేల అదరెడిది. లోన ఎవరి కేమి మూడినదో తెలియక, షిఫ్టులోనివారు పైకి వచ్చువఱకు కుటుంబములు తల్లడిల్లెడివి.

అట్టి భయముతో కాపురము చేయుచునే వారు ప్రతిదినము గనిలోనికి దిగగలిగిరన్న, అది కేవలము ధైర్యమహిమ కాదు. మందు పేల్చిన పిమ్మట పొగ తొలగువఱకు ఆ తావునకు పోరాదనియు, పైరాతిని తట్టి చూడక దాని క్రింద నిలువరాదనియు గనిపనిలో కట్టుబాట్లు కలవు. అవి మనస్సు కుదురుగా నున్నపుడు ఆలోచించి ఏర్పఱచుకొన్నవి. గుండె దడదడలాడు వేళ క్రొత్తగా ఆలోచింప నక్కఱలేకుండ చేయునవి. శిలల సంచలనమును యంత్రములతో కొలుచుటకు పూనుకొనుటయు, 1988లో శిలల స్వభావమును పరిశోధించు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ అచ్చటనే వెలయుటయు ఈ బుద్ధికే తార్కాణములు. అపాయమును కొలువ శక్యమైనంత మేర కొలిచి, మిగిలినదానికి నియమము కల్పించుటయే ఇందలి రహస్యము.

ఆందోళన బుద్ధిని పూర్తిగా హరింపదు. దాని తూకమును మాత్రము చెఱచును. జరుగు నవకాశము స్వల్పమైన కీడు తప్పక జరుగునట్లును, జరిగినచో తాము తట్టుకొనజాలనట్లును తోచును. అప్పుడు మనుజుడు రెండు దారులలో నొకదానిని త్రొక్కును: ఈ వేదన ముగిసిన చాలునని తొందరపడి ఏదో యొకటి నిశ్చయించుకొనుట, లేదా సంపూర్ణమైన నిశ్చితత్వము దొరకువఱకు పదుగురిని పదేపదే అడుగుచు వాయిదా వేయుట. వాయిదా వేసిన క్షణమున మనస్సు తేలికపడును. ఆ తేలికదనమే వ్యసనమై మఱుసటి వాయిదాకు దారితీయును.

గనిలోని అపాయమునకు నియమములుండెను గాని, గనియే లేకపోవుటకు ఏ నియమమును లేదు. నూటయిరువది యేండ్లలో దాదాపు 800 టన్నుల బంగారము నిచ్చిన పిమ్మట, రాతిలో లోహము సన్నగిల్లి, వ్యయము రాబడిని మించి, మూసివేత వార్తలు ఏండ్ల తరబడి చెవినబడుచుండగా, 2001 ఫిబ్రవరి మాసాంతమున భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అను ప్రభుత్వసంస్థవారి ఈ గనులు మూతపడెను. కొందరు ఊరు విడిచిరి. పెక్కుమంది ఇల్లును బంధువులను విడువక, తెల్లవాఱుజామున మారికుప్పమునందో బంగారపేటయందో రైలెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న బెంగళూరునకు పనికి పోయి రాత్రికి మరలివచ్చుట కలవాటుపడిరి. ఇది అవసరము నేర్పిన మార్గమే గాని సుఖము కోరి ఎంచుకొన్నది కాదు. నిద్రను, ఆరోగ్యమును, బిడ్డలతో గడుపవలసిన ప్రొద్దును అది హరించెను. అయినను ఇందొక వివేకము కలదు: పట్టణపు జీతమెట్టిదో తెలియకముందే కాపురమును ఎత్తివేయ నక్కఱలేకుండ, మరలి రాదగిన అడుగును వారు ముందుగా వేసిరి.

మనమును మన చిక్కులయందు దిద్దుకొనదగిన అడుగునకును దిద్దుకొనరానిదానికిని గల భేదమునే మొదట గుర్తింపవలెను. దిద్దుకొనదగిన నిర్ణయమును త్వరగా చేసి ఫలితమును చూడవచ్చును. ఇల్లమ్ముటవంటి దిద్దుకొనరాని దానికి తగినంత వ్యవధి నిచ్చి, ఆ వ్యవధికి ఒక తేదీని హద్దుగా పెట్టుకొనవలెను. సమస్యను కాగితముపై ఒక వాక్యముగా వ్రాసి, విచారించి తెలిసికొనదగినది ఏది, ఎంత విచారించినను తెలియనిది ఏది అని వేఱుచేయుట రెండవ పని. సర్వోత్తమమునకై వెదకక, మన కవసరమైన లక్షణములను ముందే నిర్ణయించుకొని, అవి కుదిరినదానిని గ్రహించుట మేలని 1956లో అమెరికా పండితుడు హెర్బర్ట్ సైమన్ ప్రతిపాదించిన భావము ఇచ్చట మిక్కిలి ఉపకరించును. నిద్రలేని రాత్రి చేసిన నిశ్చయమును మఱునాటి పగటివెలుతురున మరల చదువుకొనక అమలు పెట్టరాదు. నిశ్చయించిన తరువాత క్రొత్త విషయమేదైన తెలిసిననే తప్ప, పాత భయము మరల మేల్కొన్నంతమాత్రమున దానిని తిరుగదోడరాదు.

చింత నెలల తరబడి విడువక, నిద్రాహారములను, పనిపాటలను చెఱచుచున్నచో అది స్వభావదోషము కాదు, చికిత్సకు లొంగు వ్యాధి. బెంగళూరునందలి నిమ్హాన్స్ వంటి మానసికారోగ్య సంస్థలలో దీనికి సంభాషణాచికిత్సయు, ఔషధములును లభించును. 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన టెలి మానస్ అను మానసికారోగ్య ఫోను సేవవారితో 14416 అను సంఖ్యపై భారతదేశమునందు ఏ వేళనైనను ఉచితముగా, తెలుగులో సైతము మాటలాడవచ్చును. విదేశములనున్నవారు తమ కుటుంబవైద్యునితో మొదలిడవచ్చును. నేడే వైద్యునికి ఫోను చేసి సమయము అడుగుట కూడ ఒక నిర్ణయమే. దానికి నిశ్చింతతో పనిలేదు.